బొమ్మ బాగుంది, మరి బొమ్మ కాళ్ల కింద నేల ఏది?



కొంచెం పెద్ద పోస్టే, ఓపికతోని చదవండి. మొన్న నేను పెట్టిన బొమ్మల ఫోటోకి చానామంది మంచిగ రాసిన్రు. ఒక అన్న మాత్రం, "తమ్మీ, పరీక్షలు నెత్తి మీద పెట్టుకొని ఈ చిన్నపిల్లల ఆటలేంది? రేపు నోటిఫికేషన్ వస్తే బొమ్మల గురించి అడుగుతరా?" అన్నడు. అన్న అడిగిన దాంట్ల తప్పు లేదు. నా మీద ప్రేమతోనే అడిగిండు. కానీ జవాబు కామెంటులో పట్టేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

నాది ములుగు జిల్లా, తాడ్వాయి దిక్కు ఒక కోయ గూడెం. ఇప్పుడు హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ సెకండియర్ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నాయన పోడు చేస్తడు, ఎండాకాలం అమ్మా నాయనా ఇద్దరూ తునికాకుకు పోతరు.

పోయిన సంవత్సరం ఒక కాలేజీలో ఎగ్జిబిషన్ పెడితే చూడనీకి పోయినం. కాలేజీ పేరు అవసరం లేదు. అక్కడ ఒక టేబుల్ మీద సమ్మక్క సారలమ్మల యుద్ధం మోడల్ పెట్టిన్రు. ఒక దిక్కు కాకతీయ సైన్యం, ఒక దిక్కు మనోళ్లు, నడుమ సంపెంగ వాగు, అంటే ఇప్పటి జంపన్న వాగు. చూడంగానే సంతోషమైంది. దగ్గరికి పోయి చూసినంక మనసు ఒక తీరుగ అయింది.

కాకతీయ సైనికులను ఒక్కొక్కరిని శ్రద్ధగా చేసిన్రు. డాలు మీద గీతలు, తలపాగాకు అంచు, ఏనుగు మీద వేసిన గుడ్డకు పువ్వులు, రాజు మీసం కూడా కనిపిస్తుంది. మనోళ్లు ఇరవై మంది ఉన్నరు. ఇరవై మందికీ ఒకటే నల్ల రంగు, నడుముకు ఆకులు. కళ్లు లేవు, ముక్కు లేదు, ఆడ మగ తేడా లేదు. అందరూ ఒకే అచ్చులోంచి తీసినట్టు చెయ్యి పైకెత్తి అరుస్తున్నట్టు ఉన్నరు. కింద మొత్తం పచ్చటి గడ్డి షీటు అతికిచ్చిన్రు, క్రికెట్ గ్రౌండ్ లెక్క.

చేసిన అబ్బాయిని అడిగిన, "మావోళ్లు ఆకులు కట్టుకున్నరని ఎక్కడ చదివినవ్?" అని. "సినిమాల్లో గట్లనే ఉంటది కదన్నా" అన్నడు. అతనిది చెడ్డ బుద్ధి కాదు. అతనికి తెల్వదు, చెప్పేటోళ్లు లేరు. ఆ మోడల్‌కే ఫస్ట్ ప్రైజ్ వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టక యూట్యూబులో వెతికితే తెలిసింది, ఇట్లాంటి చిన్న సైనికుల బొమ్మలు చేసి, రంగులేసి, టేబుల్ మీద పాత యుద్ధాలు ఆడేటోళ్లు ప్రపంచమంతా ఉన్నరని. ఇది పిల్లల ఆటగా పుట్టలేదు. 1824 ప్రాంతంలో ప్రష్యా సైన్యం తన ఆఫీసర్లకు యుద్ధం నేర్పడానికి మ్యాపుల మీద ఆడించిన ఆట ఒకటుంది, రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు తయారుచేసింది. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 'లిటిల్ వార్స్' అని బొమ్మ సైనికులతో ఆడే రూల్సు పుస్తకమే రాసిండు. ఇప్పుడు ఎక్కువ వాడే సైజు 28 మిల్లీమీటర్లు. అంటే మనిషి బొమ్మ మన బొటనవేలి గోరుకు రెండింతలు కూడా ఉండదు.

దానికి రంగు వేసే పద్ధతి కూడా ఒకటుంది. ముందు ప్రైమర్ కొడతరు, రంగు పట్టుకోవాలని. తర్వాత అసలు రంగు. దాని మీద నీళ్ల లెక్క పల్చగా కలిపిన ముదురు రంగు పోస్తే అది ముడతల్లోకి దిగి నీడ అయితది. దాన్ని వాష్ అంటరు. చివరికి కుంచెకు ఉన్న రంగంతా గుడ్డకు తుడిచి, పొడి కుంచెతో పైపైన రుద్దితే ముక్కు, చెంప, భుజం వెలుగుతయ్. దాన్ని డ్రై బ్రష్ అంటరు. ఇదంతా అయినంక బొమ్మను ఒక చిన్న బిళ్ల మీద నిలబెట్టి, ఆ బిళ్ల మీద మట్టి, ఇసుక, గడ్డి అతికిస్తరు. ఆ పనిని బేసింగ్ అంటరు.

ఇది చూస్తుంటే ఎగ్జిబిషన్ బొమ్మల్లో ఏం తప్పయిందో నాకు సమజైంది. నల్ల రంగు మీద వాష్ పోస్తే నీడ కనపడదు. నీడ కనపడకపోతే ముఖం కనపడదు. అంటే సీసాలో ఉన్న నలుపును మూత తీసి మనిషికి పూస్తే ఆ మనిషికి ముఖం పోయినట్టే. మన ఒంటి రంగు ఏ ఒక్క సీసాలోనూ దొరకదు. నేను మట్టి ఎరుపు, ముదురు గోధుమ, కొంచెం పసుపు కలిపి నాలుగైదు సార్లు చెడగొట్టినంక మా నాయన చేతి రంగు వచ్చింది. అమ్మ రంగు వేరే. మా రూమ్మేట్ రంగు వేరే. ఇరవై మందికి ఇరవై రంగులు కలపాలె. కష్టమే. కానీ అవతలి దిక్కు డాలుకు పువ్వులు పెట్టే ఓపిక ఉన్నప్పుడు, ఇవతలి దిక్కు మనిషికి ముఖం పెట్టే ఓపిక ఎందుకు లేదని నా ప్రశ్న.

సరే, మనమే చేద్దామని రూములో ముగ్గురం కూర్చున్నం. బయటి దేశాల బొమ్మలు కొనే తాహతు మాకు లేదు. కొనాలన్నా మనోళ్లను ఎవరు అమ్ముతరు? బైండింగ్ వైరు వంచి మనిషి ఎముకలు కట్టినం, దాని మీద ఎంసీల్ పెట్టి ఒళ్లు చేసినం. అగ్గిపుల్ల చెక్కితే బాణం. బేసుకు సోడా సీసా మూతలు. క్యామెల్ రంగులు, సున్నా నంబర్ కుంచెలు రెండు, ఫెవికాల్. అన్నీ కలిపి 640 రూపాయలు. ముగ్గురం పంచుకున్నం. కొన్ని బొమ్మలకు చేతులు పొడుగైనయ్, ఒకాయనకు మెడ లేదు. పర్వాలేదు. ఎవరి ముఖం వాళ్లకు ఉంది. కథలో మన ఆడోళ్లు యుద్ధం చేసిన్రు కాబట్టి పదహారు మందిలో ఆరుగురిని ఆడోళ్లను చేసినం. తలకు గుడ్డ, మోకాళ్ల దాకా గోచి పంచె, కొందరికి విల్లు, కొందరికి గొడ్డలి, బల్లెం. ఏడు వందల ఏళ్ల కింద అచ్చం ఇట్లనే ఉండిన్రని నేను ప్రమాణం చెయ్యను. కానీ మా తాతలను చూసి చేసినం, సినిమాను చూసి కాదు.

రంగులైనంక బేసుల మీద పచ్చ రంగు వేసిన రంపపు పొట్టు చల్లి, ఫోటో తీసి ఇంటికి పంపిన. ఒక గంటకు నాయన వీడియో కాల్ చేసిండు. బొమ్మల గురించి ఒక్క మాట అనలే. "గా గడ్డి ఏందిరా?" అన్నడు.

"అడివి నాయినా."

"ఏ నెలల అడివి అది?"

నేను ఆలోచించలే. జాతర మాఘ పున్నమికి కదా, మాఘమాసమే అనుకో అన్న. "మాఘంల పచ్చగడ్డి యాడుంటదిరా? టేకాకులు ఎండి రాలి నేలే కనపడది. నడిస్తే చప్పుడైతది. వాగు ఒడ్డుకు తెల్ల ఇసుక. నువ్వు వాగు పొంటి ఎర్రమట్టి పెట్టినవ్" అన్నడు. తర్వాత ఇంకో మాట అన్నడు. "అసలు కరువు వచ్చి కప్పం కట్టలేకనే కదరా లొల్లి అయింది. గంత పచ్చగుంటే కప్పం కట్టెటోళ్లే కదా."

ఫోన్ పెట్టేసినంక ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. మూడేండ్ల నుంచి హిస్టరీ పుస్తకాలు పట్టుకొని తిరుగుతున్న మాకు తట్టలే. బడి ముఖం చూడని మనిషికి ఒక్క ఫోటోతో దొరికింది. ఆ ఎగ్జిబిషన్ మోడల్‌లో పెద్ద తప్పు ఆకుల బట్టలు కాదు, ఆ పచ్చ షీటు. కరువును తీసేస్తే యుద్ధానికి కారణమే పోతది. కారణం పోతే మనోళ్లు ఊరికే అరుచుకుంటూ రాజు మీదికి పోయిన మూక లెక్క మిగులుతరు.

తెల్లారి పొట్టు మొత్తం గీకేసినం. మెస్సులో టీ కాచినంక పారేసే పొడిని అడిగి తెచ్చి ఎండబెట్టి చల్లితే అచ్చం రాలిన ఆకుల లెక్కనే ఉంది. వాగు ఒడ్డుకు జల్లెడ పట్టిన ఇసుక. అక్కడక్కడ ఎండిన దుబ్బు కోసం పాత చీపురు పుల్లల కొసలు. ఇప్పుడు ఆ నేల మాది.

ఇక్కడి నుంచే నా అసలు మాట. ఈ ఆట ఆడేటోళ్లు యూనిఫారం గుండీల కోసం పుస్తకాలు తిరగేస్తరు, బేసుకు మాత్రం చివర్లో ఏదో ఒక గడ్డి చల్లుతరు. రాజుల యుద్ధాలకు అది నడుస్తదేమో. మన యుద్ధాలకు నడవదు. ఎందుకంటే మనం కొట్లాడిందే బేసు కోసం.

చూడండి. సమ్మక్క కథలో కరువు కాలంలో అడిగిన కప్పం. మన్యంలో 1922 నుంచి 1924 దాకా జరిగిన పోరాటం వెనుక 1882 మద్రాసు అటవీ చట్టం ఉంది, పోడు మీద ఆంక్షలున్నయ్, రోడ్డు పనిలో వెట్టి ఉంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో ప్రాణమిచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. అక్కడ గొడవ పశువుల మేపు మీద వేసిన పన్ను, సాగు చేసుకున్న భూమిలోంచి వెళ్లగొట్టుడు. మన పక్కన గొల్ల అన్నలు చెప్పుకునే కాటమరాజు కథ కూడా అంతే. నల్లసిద్ధితో ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం అయింది పుల్లరి గురించి. పుల్లరి అంటే గడ్డి మీద పన్ను. వీటిల్లో ఏ యుద్ధానికి బొమ్మలు చేసినా ముందు చెయ్యాల్సింది నేల. అది ఎవరి నేల, ఏ నెల, తడిగా ఉందా ఎండి ఉందా, ఏ చెట్టు కింద ఉంది అన్నది తెలవకుండా పైన ఎంత మంచి మనిషిని పెట్టినా అది సగం అబద్ధమే.

రూల్సు కూడా అట్లనే ఉన్నయ్. మేము ఇంటర్నెట్‌లో దొరికిన రెండు మూడు రూల్సు చదివినం. అడవి వస్తే దాదాపు అన్నింట్లో ఒకటే లెక్క: అది కష్టమైన నేల, అడుగులు సగమైతయ్, వరుస చెదురుతది. ఎవరికి కష్టం? బయటి నుంచి వరుస కట్టుకొని వచ్చేటోళ్లకు. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో ఏం జరిగింది? ముందు నడిచిన కానిస్టేబుళ్లను పోనిచ్చి, వెనుక వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు స్కాట్ కవర్డ్, హైటర్‌లను మాత్రమే కొట్టిన్రు. అంత గురి, అంత ఓపిక ఉన్నోళ్లకు ఆ అడవి అడ్డమా? అది వాళ్ల ఇల్లు. అందుకే మా టేబుల్ మీద రూల్ తిప్పి రాసుకున్నం. అడవిలో మన దళానికి పూర్తి అడుగులు, బయట మైదానంలో సగం. ఒక్క రూల్ మార్చంగానే ఆట మొత్తం మారింది. పులి మేక ఆట ఆడినోళ్లకు ఇది కొత్త కాదు. మూడు పులులు, పదిహేను మేకలు, బలం ఒక దిక్కు, సంఖ్య ఒక దిక్కు, ఇద్దరికీ రూల్సు వేరు. మన ఊర్లల్ల బండల మీద గీసిన ఆ ఆటకు ఉన్న తెలివి పెద్ద పెద్ద రూల్సు పుస్తకాలకు ఎందుకు లేదో మరి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలె. ఈ పనిలో మా రూములోనే గొడవైంది. సమ్మక్క తల్లి బొమ్మ చెయ్యాలా వద్దా అని. ఒకడు, "తల్లి లేకుండా యుద్ధం ఏంది, అందరికన్నా మంచిగ తల్లినే చెయ్యాలె" అన్నడు. ఇంకొకడు, "తల్లిని సీసా మూత మీద నిలబెట్టి ఆడుకుంటవా, పాపం తగుల్తది" అన్నడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. మా గూడెం పెద్దమనిషి ఒకాయనకు ఫోన్ చేసిన. ఆయన కోపం చెయ్యలే. "తల్లికి మనం రూపం ఎప్పుడు పెట్టినం బిడ్డా? గద్దె మీద బొమ్మ ఉంటదా?" అని మాత్రం అడిగిండు.

నిజమే. మేడారంలో విగ్రహం లేదు. తల్లి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో గద్దెకు వస్తది. కోటి మంది మొక్కే తల్లికి మన పెద్దలు ముఖం చెక్కలే. చేతకాక కాదు, వద్దనుకొని. అందుకే మేము ఒక పెద్ద మూత మీద ఎండుటాకులు, ఒక చిన్న రాయి, రాయి మీద ఎర్రటి చుక్క పెట్టినం. పైన బొమ్మ లేదు, ఒట్టి నేల. సారలమ్మకు కూడా అట్లనే. ఆటలో దానికి ఒక రూల్ ఉంది: ఆ నేలకు జానెడు దూరంలో ఉన్న మన దళం వెనక్కి తిరగదు. ఎన్ని పాచికలు వేసినా సరే. గొడవ పడ్డ ఇద్దరూ దీనికి ఒప్పుకున్నరు. ఇందులో కూడా తప్పుంటే పెద్దలు చెప్పండి, తీసేస్తం.

కొందరు ఇది తెల్లోళ్ల ఆట, మనకెందుకు అంటున్నరు. పద్ధతి వాళ్లదే కావచ్చు, పని మనది. మన డోలి కళాకారులు పడిగె విప్పి కథ చెప్తరు. మూడు మూలల గుడ్డ, దాని మీద వరుసగా చిన్న చిన్న మనుషులు, జంతువులు, గొట్టు పెద్దలు. ఏ బొమ్మ దగ్గర ఏ కథ పాడాలో వాళ్లకు తెలుసు. డోలు మీద, నోటి మీద సమ్మక్క సారలమ్మల కథ నిలబెట్టిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయిండు. ఆయనతో పాటు ఎంత కథ పోయిందో లెక్క కట్టేటోళ్లు లేరు. మన పాత వరంగల్ జిల్లాలోనే ఉండే చేర్యాలలో నకాషీ కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి బొమ్మలు చేస్తరు. ఆ బొమ్మలను వరుసగా పెట్టి మందహెచ్చులోళ్లు గొల్లలకు కాటమరాజు కథ చెప్తరు. యుద్ధం కథ, బొమ్మల వరుస, చుట్టూ కూర్చున్న జనం. వెల్స్ పుస్తకం రాకముందు నుంచీ ఇది మన దగ్గర ఉంది. వీడియోలు చూసి మేము నేర్చుకున్నది వాష్, డ్రై బ్రష్ మాత్రమే.

ఇప్పుడు ఆ అన్న ప్రశ్నకు వస్త. అన్నా, నోటిఫికేషన్‌లో బొమ్మల గురించి అడగరు. కానీ పేపర్ సెట్ చేసేటోళ్లు, పుస్తకం రాసేటోళ్లు, మ్యూజియంలో మోడల్ పెట్టే కాంట్రాక్టరు, అందరూ చిన్నప్పుడు ఎక్కడో ఒక టేబుల్ మీద మనల్ని ఒక తీరుగ చూసే పెద్దగైతరు. ఆ టేబుల్ మీద మనం నల్ల రంగు పూసిన మూకలెక్క ఉంటే, రేపు పోడు పట్టా కాగితం ముందు పెట్టుకొని కూర్చున్న ఆఫీసరు కండ్లకు కూడా మా నాయన అట్లనే కనిపిస్తడు. ముఖం లేనోడికి భూమి ఎందుకు అనిపిస్తది. నాకు ఉద్యోగం కావాలె, చదువుతున్న, రాత్రి పదకొండు దాకా చదివినంకనే బొమ్మ పట్టుకుంటున్న. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. నిజం చెప్పాలంటే సెకండియర్ సిలబస్‌లో ఉన్న కాకతీయుల పాఠం నాకు బొమ్మలు చేస్తుంటేనే ఎక్కింది. డాలు ఎట్లుంటదో చూడనీకి రామప్పకు పోయి గుడి చుట్టూ మూడు సార్లు తిరిగిన. కింద వరుసలో ఏనుగులను లెక్క పెట్టుకుంట తిరిగిన. అవతలి సైన్యాన్ని కూడా సరిగ్గా చేద్దామనే తిరిగిన. మనకు ముఖం కావాలని వాళ్ల ముఖం చెరపాల్సిన పని లేదు కదా.

చివరికి గ్రూపుకు మూడు మాటలు.

ఒకటి, మీ కాలేజీలో, ఆశ్రమ పాఠశాలలో, జిల్లా మేళాలో ఎక్కడన్నా మన మోడల్ పెడుతుంటే ముందే పోయి అడగండి. గొడవ పెట్టుకోకండి, "మేము సాయం చేస్తం" అనండి. ఆకుల బట్టలు చేసిన ఆ అబ్బాయి నంబర్ తీసుకున్న నేను. ఇప్పుడు అతనే మాకు ఏనుగు చేసిస్తున్నడు. అతని చెయ్యి మాకన్నా మంచిది.

రెండు, ఉట్నూరు, జైనూరు దిక్కు గోండు తమ్ముళ్లు జోడేఘాట్ నేల గురించి చెప్పండి. ఏ రాయి, ఏ గడ్డి, ఏ చెట్టు. భద్రాచలం దిక్కు కొండరెడ్ల అన్నలు, మన్యం దోస్తులు ఘాట్ రోడ్డు ఫోటోలు పంపండి. గంటం దొర, మల్లు దొరల దళానికి బొమ్మలు చెయ్యాలని ఉంది. రాజు గారి బొమ్మ అందరూ చేస్తరు. ఆ మల్లు దొరే 1952లో మొదటి లోక్‌సభకు ఎంపీగా గెలిచిండని మా క్లాసులో ఒక్కరికి తెల్వదు.

మూడు, ఇది అన్నింటికన్నా ముఖ్యం. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మనో నాయననో తాతనో కూర్చోబెట్టుకొని, మీ ఊరి నేల ఏ నెలలో ఎట్ల ఉంటదో అడిగి రాసుకోండి. బొమ్మలు చెయ్యకపోయినా సరే. నాలుగేళ్ల కింద హాస్టల్‌కు వచ్చేటప్పుడు మా నాయనకు చదువు రాదని నేను సిగ్గు పడిన. ఈ మాట ఇక్కడ రాయనీకి కూడా సిగ్గైతుంది, కానీ రాస్తున్న. ఆ రోజు వీడియో కాల్‌లో ఆయన అడిగిన ప్రశ్న మా హిస్టరీ క్లాసులో ఇంతవరకు ఎవరూ అడగలే.

పోయిన ఆదివారం బొమ్మలు డబ్బాలో పెట్టుకొని ఊరికి తీసుకపోయిన. నాయన ఒక్కొక్క మూత చేతిలోకి తీసుకొని చూసిండు. టీ పొడి ఆకులను వేలితోని తట్టి చూసిండు. "ఇప్పుడు చప్పుడైతది" అన్నడు.

జై ఆదివాసీ.